వానొస్తే మొరాయించే పాత లారీ: తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా?

"వాన పడితే సెల్ఫ్ తిరగదు. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లేసరికి ఎండ కాస్తుంది, బండి ఠక్కున స్టార్టవుతుంది. అసలేం మార్చమంటారు?"

జూన్ మొదలైందంటే కర్నూలు నుంచి కడప దాకా లారీ ఉన్నవాళ్లు నన్నడిగే ప్రశ్న ఇదే. కొందరికి సెల్ఫ్, కొందరికి లైట్లు, ఇంకొందరికి నడిరోడ్డు మీద ఇంజనే ఆగిపోవడం. అందరికీ నేను చెప్పేది ఒకటే. ఇప్పుడే ఏమీ మార్చకండి. వాన కోసం ఎదురు చూడకండి. మీరే నీళ్లు తెచ్చి, ఒక్కోచోట తడిపి, తప్పును బయటికి రప్పించండి.

మన బండ్లలో ఈ తప్పు ఎందుకు దాక్కుంటుందో రెండు మాటల్లో చెబుతాను. అనంతపురంలో ఏడాదంతా కలిపి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. మిగతా రోజులన్నీ బండి ఎండలో, దుమ్ములోనే ఉంటుంది. ఆ ఎండకు వైరు తొడుగు పెళుసెక్కి పగులుతుంది, పగుళ్లలో దుమ్ము చేరుతుంది. పొడి దుమ్ములో కరెంటు పారదు, తడిసిన దుమ్ములో పారుతుంది. తెలుసుకోవాల్సిన థియరీ అంతే.

ఇక్కడ చెప్పేదంతా మామూలు డీజిల్ పంపు ఉన్న పాత 24 వోల్టుల లారీల గురించి. టాటా 407 లాంటి 12 వోల్టుల బండికి నేనిచ్చే బ్యాటరీ, చార్జింగ్ అంకెలను సగం చేసుకోండి. కంప్యూటర్ బాక్సుతో నడిచే కొత్త బండ్ల మీద మాత్రం ఈ నీళ్ల పరీక్ష చేయకండి.

కావలసినవి

- మల్టీమీటర్. చవక రకం చాలు. అది లేకపోతే 24 వోల్టుల టెయిల్ బల్బుకు రెండు పొడవాటి వైర్లు కట్టిన టెస్టింగ్ లాంప్.
- చేత్తో కొట్టే నీళ్ల స్ప్రే సీసా. పురుగుమందు కొట్టిన పంపు వద్దు. ఎన్నిసార్లు కడిగినా అందులో మందు మిగులుతుంది, క్యాబిన్ కింద దూరి మీరు పీల్చేది ఆ తుంపరే.
- బ్యాటరీ నుంచి ఇంజను దాకా అందే లావు కేబుల్ ఒకటి.
- లోపలిది కనిపించే గాజు సీసా, గరుకు కాగితం, వైర్ బ్రష్, పెట్రోలియం జెల్లీ, హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే వైరుకు బిగుసుకునే గొట్టం).
- సెల్ఫ్ కొట్టడానికి ఒక మనిషి, రాసుకోవడానికి ఒక నోటుబుక్కు.

బండి చదునైన చోట ఉండాలి, గేరు న్యూట్రల్‌లో ఉండాలి. హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. స్క్రూడ్రైవర్‌తో సెల్ఫ్ షార్ట్ చేసి స్టార్ట్ చేసే అలవాటుంటే ఈ పనిలో దాన్ని పూర్తిగా మానేయండి. గేరులో ఉన్న బండి అలా ఒక్కసారి ముందుకు దూకితే, కింద ఉన్న మనిషికి తప్పుకునే సమయం ఉండదు.

1. ముందు రాసుకోండి: ఎప్పుడు మొదలవుతోంది, ఎప్పుడు పోతోంది?

చాలామంది వదిలేసేది ఈ పనే. సగం జవాబు దొరికేది మాత్రం ఇక్కడే. వాన మొదలైన ఎంతసేపటికి తేడా వచ్చింది? బండి నడుస్తోందా, ఆగి ఉందా? వాన ఆగాక ఎంతసేపటికి సర్దుకుంది? రెండు మూడు సార్లు రాస్తే దారి కనబడుతుంది.

వాన మొదలవగానే కీచుమని చప్పుడొచ్చి చార్జింగ్ లైటు మినుకుమంటే, అది వైరింగ్ కాదు, ఫ్యాన్ బెల్ట్ జారుతోంది. బెల్ట్ మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు 10 నుంచి 15 మిల్లీమీటర్లు లోపలికి పోవాలి. అంతకన్నా ఎక్కువ పోతే బిగించండి, అంచులు అద్దంలా మెరుస్తుంటే మార్చండి.

అరగంట తడిశాక వస్తే నీళ్లు ఎక్కడో కారి, చేరి, నిండుతున్నాయి. అద్దం రబ్బరు, ఫ్యూజ్ బాక్సు, కనెక్టర్లు చూడాలి. నీటిగుంట దాటిన వెంటనే వస్తే తప్పు కింద ఉంది: సెల్ఫ్, డైనమో, చాసిస్ ఎర్త్ (కరెంటు ఇనుము గుండా బ్యాటరీ నెగెటివ్‌కు తిరిగొచ్చే దారి). రాత్రంతా వానలో ఆపితే తెల్లారేసరికి బ్యాటరీ దిగుతోందంటే ఎక్కడో కరెంటు కారుతోంది. డీజిల్ కొట్టించిన తర్వాతే వస్తుంటే వైర్లను వదిలేసి నేరుగా 7వ మెట్టుకు వెళ్లండి.

2. కడగక ముందే చూడండి

సర్వీసింగ్‌కు తీసుకెళ్లి ప్రెషర్ నీళ్లు కొట్టించి ఆ తర్వాత వెతకడం పెద్ద పొరపాటు. నీళ్లు కారిన చారలు, బురద పేరుకున్న మూలలు, పచ్చ చిలుము, అన్నీ దానితోనే పోతాయి. కొందరు ముందే డబ్బా స్ప్రేలు తెచ్చి ప్రతి కనెక్టర్ మీదా కొట్టేస్తారు. వారం రోజులు బాగుంటుంది, తప్పు మాత్రం అక్కడే ఉంటుంది.

టార్చిలైటుతో బ్యాటరీ నుంచి మొదలుపెట్టి వైరు వెంబడే వెళ్లండి. పచ్చగా చిలుము పట్టిన లగ్ (వైరు కొసన బిగించే లోహపు ముక్క), ఉబ్బిన టేపు చుట్ట, మొద్దుబారిన తొడుగు, ఎలుక కొరికిన చోటు చూడండి. వేరుశనగ లోడు ఎత్తే బండి అయితే, గోదాము దగ్గర రాత్రిళ్లు ఆపే బండి అయితే, ఎలుకల కోసం ప్రత్యేకంగా వెతకాలి. గింజల కోసం వచ్చిన ఎలుక వైరునూ కొరుకుతుంది. చాలాసార్లు లోపలి రాగి తెగదు, తొడుగు మాత్రమే పోతుంది. పొడిగా ఉన్నన్నాళ్లూ అన్నీ వెలుగుతాయి, వానొస్తే ఫ్యూజ్ ఎగిరిపోతుంది.

3. పొడిగా ఉన్నప్పుడే కొలతలు తీసుకోండి

తర్వాత పోల్చుకోవడానికి ఇవి కావాలి. పూర్తిగా చార్జ్ అయి, కొన్ని గంటలు ఆపి ఉంచిన రెండు బ్యాటరీలు కలిపి సుమారు 25.2 వోల్టులు, లేదా కాస్త పైన చూపాలి. సెల్ఫ్ తిప్పేటప్పుడు 19 కన్నా కిందికి పోకూడదు. ఇంజను నడుస్తుండగా చార్జింగ్ 27.5 నుంచి 28.5 మధ్య ఉంటే మంచిది. పొడిగా ఉన్నప్పుడే ఇవి రాకపోతే ముందు బ్యాటరీ, డైనమో సరిచేసుకుని, ఆ తర్వాత వాన సంగతి చూడండి.

4. ఎర్త్: సెల్ఫ్ తిరగని బండ్లలో ముందు చూడాల్సింది

సెల్ఫ్ కొట్టినప్పుడు డాష్‌బోర్డు లైట్లు బాగా మసకబారి "టక్" మని ఆగిపోతోందా? అయితే బ్యాటరీ, లావు కేబుళ్లు, ఎర్త్ చూడాలి. లైట్లు అస్సలు మసకబారకుండా, చప్పుడే లేకుండా ఉంటే సెల్ఫ్ మీదికి వచ్చే సన్న వైరు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసే స్విచ్), తాళం స్విచ్ వైపు వెళ్లాలి. ఈ తేడా ఒక్కటి గుర్తుంచుకుంటే సగం రోజు మిగులుతుంది.

తొందరగా తేల్చే పరీక్ష ఇది. తేడా వచ్చి బండి ఆగి ఉన్నప్పుడే లావు కేబుల్ ఒక కొసను బ్యాటరీ నెగెటివ్‌కు, ఇంకో కొసను ఇంజను మీద పెయింటు లేని ఇనుముకు గట్టిగా పట్టించండి. సెల్ఫ్ కొట్టమనండి. ఇప్పుడు తిరిగితే ఎర్త్ దారిలోనే తప్పుంది, సెల్ఫ్ మోటార్ విప్పనక్కర్లేదు.

మీటరుంటే ఇంకా కచ్చితంగా తెలుస్తుంది. మీటరు వైర్ల కొసల్లో ఉండే ముల్లు ఒకటి బ్యాటరీ నెగెటివ్ సీసం గుబ్బ మీదే పెట్టండి, పైనున్న క్లాంపు మీద కాదు. రెండోది ఇంజను ఇనుము మీద. ఇంజను అందుకోకుండా ఇంజను ఆపే స్టాప్ కేబుల్ లాగి పట్టుకుని పది సెకన్లలోపు సెల్ఫ్ తిప్పమనండి. మీటరు అర వోల్టు లోపు చూపితే బాగున్నట్టు. ఒక వోల్టు దాటితే అక్కడ తప్పు ఉన్నట్టే. తర్వాత ముక్కలుగా చూడండి: గుబ్బ నుంచి క్లాంపు, క్లాంపు నుంచి చాసిస్, చాసిస్ నుంచి ఇంజను. ఎక్కడ అంకె ఎగిరితే అక్కడ విప్పాలి. లావు కేబుల్‌తో కానీ మీటరుతో కానీ పొడిగా ఉన్నప్పుడు ఒకసారి, ఆ జాయింటు మీద నీళ్లు కొట్టి ఒకసారి చూడాలి.

బేతంచెర్ల నుంచి బండలు తోలే ఒక పాత లారీ మీద నేను మూడు రోజులు పోగొట్టుకున్నాను. వాన పడ్డ మర్నాడల్లా సెల్ఫ్ "టక్" మనేది. అప్పటికే యజమాని రెండు బ్యాటరీలూ మార్చాడు, సెల్ఫ్ మోటార్ విప్పించి బుష్‌లు వేయించాడు. నేనూ మొదటి రెండు రోజులు రిలే చుట్టూ, తాళం స్విచ్ చుట్టూ తిరిగాను. మూడో రోజు కిందికి దూరి చూస్తే, చాసిస్‌కు గేర్‌బాక్సుకు మధ్య ఉండే ఎర్త్ పట్టీయే కనబడలేదు. బండల పాలిష్ ఫ్యాక్టరీలో ఉండే తెల్లటి బురద దాని మీద గట్టిగా పేరుకుపోయింది. స్క్రూడ్రైవర్‌తో పెచ్చు ఊడదీస్తే లోపల ఇంకా తడిగానే ఉంది, వాన పడి అప్పటికి ఒకటిన్నర రోజు. పట్టీ అల్లిక తీగల్లో మూడొంతులు చిలుము తిని పొడిగా రాలిపోయాయి. మిగిలిన కాసిని తీగలు లైట్లకు సరిపోయేవి, సెల్ఫ్ లాగే కరెంటుకు సరిపోయేవి కావు. కొత్త పట్టీ వేసి, బోల్టు కింద ఇనుము తెల్లగా మెరిసేలా గీకి బిగించాను. అంతటితో ఆ బండి జబ్బు పోయింది. పెట్టిన ఖర్చులో అది చాలా చిన్న భాగం. నల్లరేగడి పొలాల దారుల్లో తిరిగే బండ్లకూ ఇదే జరుగుతుంది. ఆ మట్టి తడిని వదలదు.

ఎర్త్ బాగుంటే సన్న వైరు చూడండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు దాని దగ్గర దాదాపు బ్యాటరీలో ఉన్నంత వోల్టేజీ రావాలి. చాలా తగ్గితే తాళం, రిలే, మధ్య కనెక్టర్లు ఒక్కొక్కటిగా తడిపి చూడండి. సన్న వైరుకు, లావు కేబుల్‌కు రెంటికీ పూర్తిగా కరెంటు వస్తున్నా తిరగకపోతే, అప్పుడు మాత్రమే సెల్ఫ్ విప్పించండి.

5. తడిపే పద్ధతి

కింది నుంచి పైకి తడపండి. పై నుంచి మొదలుపెడితే నీళ్లు కిందికి కారి, ఏది తడిసి తప్పొచ్చిందో తెలియదు. ఒక్కోచోట తుంపరలా కొట్టి, రెండు మూడు నిమిషాలు ఆగి, వైర్లను చేత్తో కాస్త కదిపి చూడండి. తేడా రాకపోతే తర్వాతి చోటికి వెళ్లండి. వస్తే అక్కడే ఆగి, ఆ ఒక్కచోటే ఆరబెట్టండి. పోయిందా? మళ్లీ తడపండి. మళ్లీ వచ్చిందా? ఇలా రెండుసార్లు వచ్చి రెండుసార్లు పోతేనే దొరికినట్టు. ఒక్కసారికే నమ్మితే మోసపోతారు.

ఇంజను వేడిగా ఉన్నప్పుడు డీజిల్ పంపు మీద, టర్బో మీద, సైలెన్సర్ వైపు చల్లని నీళ్లు పడనివ్వకండి. వేడి పంపు మీద చల్లనీళ్లు పోస్తే లోపల పట్టేసే ప్రమాదముంది. పంపు పక్కన ఉన్న కనెక్టర్‌ను తడపాలంటే తడిగుడ్డ చుట్టండి చాలు. బోరునీళ్లు వాడితే చివర్లో మంచినీళ్లతో తుడిచి ఆరబెట్టండి. మన బోర్ల నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఆరాక మిగిలే తెల్లపొడి కొత్త తంటా తెస్తుంది.

రాత్రికి బ్యాటరీ దిగే బండి అయితే, తాళం తీసేసి అన్నీ ఆపి, బ్యాటరీ నెగెటివ్ కేబుల్ ఊడదీసి, ఆ కేబుల్‌కు బ్యాటరీకి మధ్య మీటరును ఆంపియర్ లైనులో పెట్టండి. మీటరు అలా ఉండగా సెల్ఫ్ కానీ హెడ్‌లైట్లు కానీ వేయకూడదు, మీటరు కాలిపోతుంది. ఇప్పుడు తడుపుతూ అంకె చూడండి. పెరిగితే ఫ్యూజులు ఒక్కొక్కటిగా తీయండి. ఏ ఫ్యూజ్ తీస్తే తగ్గిందో ఆ లైనులోనే ఉంది. అన్నీ తీసినా తగ్గకపోతే ఫ్యూజ్ లేకుండా నేరుగా వెళ్లేవి చూడాలి, అంటే డైనమో, సెల్ఫ్ లావు వైర్లు.

6. క్యాబిన్, వెనక లైట్లు

ముందు అద్దం రబ్బరు ఎండకు కుంచించుకుపోయి మూలల్లో సందిస్తుంది. నీళ్లు లోపలి రేకు వెంబడి కారి ఫ్యూజ్ బాక్సు మీద పడతాయి. ఎక్కడినుంచి వస్తున్నాయో తెలియాలంటే, డాష్‌బోర్డు లోపలి రేకు మీద ముగ్గుపిండి పలుచగా చల్లి, బయట అద్దం మీద నీళ్లు పోయండి. కారిన దారి గీతలా కనబడుతుంది. పిండి ఫ్యూజుల మీద, రిలేల మీద పడకుండా పాత పేపరు కప్పండి, పనయ్యాక తుడిచేయండి.

వెనక లైట్లలో ఒక గుర్తు ఉంది. బ్రేకు నొక్కితే ఇండికేటర్ మసగ్గా వెలగడం, టెయిల్ లైటు తగ్గడం కనిపిస్తే, ఆ లైటు ఎర్త్ పోయినట్టు. కరెంటు ఇంకో బల్బు గుండా దారి వెతుక్కుంటోంది. హోల్డర్ విప్పి, గీకి, బాడీకి కొత్త ఎర్త్ వైరు వేయండి.

7. వానలో ఇంజనే ఆగిపోతుంటే

ఒక్క సంగతి ముందు చూడండి: మీ బండిని ఆపేది చేత్తో లాగే స్టాప్ కేబులా, తాళమా? డీజిల్ ఇంజనుకు స్పార్క్ ప్లగ్ లేదు. లాగే కేబుల్ ఉన్న పాత బండికి నడుస్తున్నప్పుడు కరెంటు అవసరమే ఉండదు. అలాంటి బండి వానలో ఆగితే వైర్లు వెతకడం వృథా, డీజిల్ వైపు, గాలి వైపు చూడాలి.

ఫిల్టర్ కింది ప్లగ్ వదులు చేసి గాజు సీసాలోకి కాస్త డీజిల్ పట్టండి. పావుగంట కదపకుండా పెట్టండి. నీళ్లుంటే అడుక్కి దిగి, గీత గీసినట్టు కనిపిస్తుంది. నీళ్లు కనిపిస్తే ఇక సెల్ఫ్ కొడుతూ ఉండకండి, ఆ నీళ్లు పంపులోకి, నాజిళ్లలోకి పోతాయి. ట్యాంకు అడుగు ప్లగ్ నుంచి కూడా వదిలి, ఫిల్టర్లు మార్చి, చేతి పంపుతో బుడగలు పోయేదాకా ఎయిర్ తీయండి. ట్యాంకు మూత రబ్బరు చూడకుండా వదలొద్దు, నీళ్లు ఎక్కువగా వచ్చేది అక్కడినుంచే.

ఆగిన వెంటనే ట్యాంకు మూత తీసి చూడండి. "స్‌స్" మని గాలి లోపలికి పీల్చుకుని, ఆ తర్వాత బండి స్టార్టయితే, ట్యాంకుకు గాలి అందే రంధ్రం బురదతో మూసుకుపోయింది. శుభ్రం చేస్తే సరిపోతుంది.

తాళంతో ఆగే బండి అయితే, పంపు మీది సొలెనాయిడ్ (కరెంటుతో డీజిల్‌ను వదిలే, ఆపే భాగం) వైరుకు టెస్టింగ్ లాంప్ కట్టి, పొడవాటి వైరుతో క్యాబిన్‌లోకి తెచ్చి, బల్బు చూస్తూ నడపండి. చాలా బండ్లలో నడిచేటప్పుడు బల్బు వెలుగుతూ ఉండాలి. ఇంజను తడబడేటప్పుడు బల్బు కూడా మినుకుమంటే వైరింగ్ తప్పు. బల్బు నిలకడగా ఉండి ఇంజను ఆగితే డీజిల్ తప్పు. కొన్ని బండ్లలో ఆపడానికే కరెంటు ఇస్తారు, వాటిలో బల్బు వెలిగినప్పుడు ఇంజను ఆగుతుంది.

ఆగకుండా పికప్ తగ్గి నల్లపొగ వస్తుంటే ఎయిర్ ఫిల్టర్ విప్పండి. పేపర్ ఫిల్టర్ తడిసి ముద్దయిందా? ఆయిల్ రకం అయితే నూనె పాలలా మారి మట్టం పెరిగిందా? అలా ఉంటే మార్చేయండి. గాలి పీల్చే గొట్టం మూతి పైన టోపీ ఉందో లేదో కూడా చూడండి.

8. రిపేరు

చిలుము పట్టిన వైరును మెరిసే రాగి కనబడేదాకా కోసి, లగ్ నొక్కించి, హీట్ ష్రింక్ వేయండి. చిలుము పట్టిన రాగిని టేపుతో చుట్టడం అంటే తడిని లోపల పెట్టి మూయడమే. ఎర్త్ బోల్టు కింద పెయింటు గీకి, బిగించి, ఆ తర్వాతే పైన జెల్లీ రాయండి. పుల్లటి వాసనొచ్చే సిలికాన్ వద్దు, అది రాగిని తింటుంది. టెస్టింగ్ లాంప్ సూదితో వైరు తొడుగు పొడవకండి, ఈ రోజు పొడిచిన చిల్లు వచ్చే ఏడాది వాన తప్పు అవుతుంది. ఎగిరిపోతున్న ఫ్యూజ్ బదులు పెద్దది వేస్తే వైరు కాలుతుంది, దానితో క్యాబిన్ కాలుతుంది.

కనెక్టర్‌లోకి వెళ్లే వైరు పై నుంచి నేరుగా దిగకూడదు. కనెక్టర్ కన్నా కిందికి ఒక వంపు తిరిగి, మళ్లీ పైకి ఎక్కి అందులోకి వెళ్లాలి. అప్పుడు నీటిచుక్క వంపు దగ్గర కిందికి రాలిపోతుంది.

9. నిజంగా పోయిందా?

మొదట తప్పు వచ్చిన చోటే, అంతే నీళ్లు, అంతసేపు కొట్టండి. మూడుసార్లు. ఒకసారి రాత్రి తడిపి వదిలేసి, తెల్లవారి చల్లటి ఇంజనుతో స్టార్ట్ చేయండి. 3వ మెట్టులో రాసుకున్న కొలతలు, 4వ మెట్టులో పొడిగా, తడిగా చూసిన ఎర్త్ అంకెలు మళ్లీ తీసి పక్కన రాయండి. ఎర్త్ అంకె తడిలోనూ అర వోల్టు లోపే ఉండాలి. ఒకేరోజు నాలుగు భాగాలు మార్చి ఉంటే ఏది బాగు చేసిందో తెలియదు, అందుకే ఒక్కోటి మార్చి, ఒక్కోసారి తడపండి.

తర్వాత పడే మొదటి నిజమైన వానకు దగ్గరి లోడే ఒప్పుకోండి, పగటిపూట తోలండి. కడప నుంచి రాయచోటి వైపు వెళ్లేవాళ్లయితే, ముసురులో గువ్వలచెరువు ఘాట్ ఎక్కే ముందు కిందే బండి ఆపండి. క్లీనర్‌ను వెనక్కి పంపి బ్రేక్ లైటు, టెయిల్ లైట్లు, రెండు ఇండికేటర్లు ఒక్కొక్కటిగా వేసి చూపించి, అన్నీ వెలుగుతున్నాయని అతను చెప్పాకే కదలండి.